అడవి పందికి రివాల్వరు పనికొస్తుందా?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో "పంట రక్షణ - తుపాకీ - చట్టం" అనే అంశం మీద సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి ముందు గ్రామ కమిటీలను ప్రశ్నలు రాసి పంపమని అడిగాం. మద్దతు ధర మీద వచ్చాయి, కౌలు కార్డుల మీద వచ్చాయి. వాటితోపాటు అడవి అంచు ఊళ్ళ నుంచి ఒకే ప్రశ్న పదే పదే వచ్చింది. "అడవి పందుల్ని కాల్చడానికి రివాల్వరు లైసెన్సు ఇప్పిస్తారా? ఏ రివాల్వరు కొనాలి?" అని. కొందరు యువ రైతులు అమెరికాలో వేటగాళ్ళు రివాల్వరుతో పందిని కొట్టే వీడియోలు ఫోన్లో చూశామనీ, అదే మనమూ చేయవచ్చు కదా అనీ రాశారు.

ఈ ప్రశ్నను నవ్వి పక్కన పెట్టడానికి లేదు. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ ఒక్క రాత్రి మంద దిగితే ఎకరాలకు ఎకరాలు పడుకోబెట్టి పోతుంది. వేరుశనగ చేను దున్నేసినట్టు చేస్తుంది. తినేది కొంత, తొక్కి పాడుచేసేది అంతకు మించి. రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టుకుంటూ కూర్చున్న మనిషి పొద్దున్నే మళ్ళీ పనిలోకి దిగాలి. ఇక తట్టుకోలేక కొందరు చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. ఆ తీగకు పంది చిక్కుతుందో లేదో గాని, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి పోయిన పక్క చేను రైతు చిక్కుతున్నాడు. తీగ పెట్టిన మనిషే మరిచిపోయి తొక్కి పోతున్నాడు. ఒక ఇంట్లో చావు, ఇంకో ఇంట్లో జైలు. కాబట్టి తుపాకీ గురించి అడగడం తప్పు కాదు. తెలియకుండా కొనడం, తెలియకుండా కాల్చడం తప్పు. అందుకే ఈరోజు విషయాన్ని మొదటి నుంచి చూద్దాం.

వీడియోలో కనిపించే రివాల్వరు ఏమిటి?

అమెరికాలో చేతి తుపాకీతో వేట అనేది ఒక ప్రత్యేకమైన క్రీడ. అక్కడ వేటకు వాడే రివాల్వరు, మన దగ్గర ఆత్మరక్షణకు నడుముకు పెట్టుకునే రివాల్వరు రెండూ ఒకటి కావు. పేరొకటే. ట్రాక్టరూ స్కూటరూ రెండూ బండ్లే అయినట్టు.

అక్కడ పేరున్న వేట తూటా పాయింట్ 44 మాగ్నమ్. 1950ల నడుమ స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు దాన్ని బజారులోకి తెచ్చాయి. ఐడహో రాష్ట్రంలో పశువులు మేపుకున్న ఎల్మర్ కీత్ అనే వేటగాడు ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలు దానికి పునాది. ఆ గుండు బరువు దాదాపు పదిహేనున్నర గ్రాములు. సెకనుకు నాలుగు వందల మీటర్ల చుట్టుపక్కల వేగంతో పోతుంది. అయినా అక్కడి ప్రభుత్వాలు ఏ చేతి తుపాకీ పడితే అది పెద్ద జంతువు మీద వాడనివ్వవు. ఒహాయో రాష్ట్రం జింక వేటకు పాయింట్ 357కు తగ్గని తూటా, ఐదు అంగుళాలకు తగ్గని గొట్టం ఉండాలని నిబంధన పెట్టింది. చిన్న గుండు జంతువును చంపదు, గాయపరిచి వదిలేస్తుంది. అదే దీనికి కారణం.

ఇక తుపాకీని సిద్ధం చేసుకునే తీరు చూడండి. వేట రివాల్వరు గొట్టం ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దాకా ఉంటుంది. పొడవు పెరిగితే గుండు వేగం పెరుగుతుంది, గురి చూసే గీత పొడవవుతుంది. పైన చేతి తుపాకీ కోసమే చేసిన దుర్బిణి గాని, ఎర్ర చుక్క కనిపించే గురి అద్దం గాని బిగిస్తారు. రైఫిల్ దుర్బిణి దానికి పనికిరాదు. చేయి చాచి పట్టినప్పుడు కన్ను దూరంగా ఉంటుంది కాబట్టి. గుర్రాన్ని ముందే వెనక్కి లాగి పెట్టుకుని, చిన్న నొక్కుతో పేలేలా కాలుస్తారు. ముక్కాలి కర్ర మీదో, చెట్టు మోడు మీదో చేతులు ఆనించుకుంటారు. గాలిలో చేయి ఊపుతూ కాల్చడం సినిమాలో మాటే. చెవులకు రక్షణ తప్పనిసరిగా పెట్టుకుంటారు. ఇంకో విషయం కూడా వాళ్ళకు తెలుసు. రివాల్వరులో తూటాలుండే తిరుగుడు గదికీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. పేలినప్పుడు ఆ సందులోంచి నిప్పు లాంటి ఆవిరి పక్కలకు చిమ్ముతుంది. తెలియక ఆనించడం కోసం ఎడమ చేతిని ముందుకు పెడితే వేళ్ళు కాలిపోతాయి, తెగిపోనూ వచ్చు.

ఇంత చేశాక కూడా జాగ్రత్త గల వేటగాడు తనకు తానే హద్దు పెట్టుకుంటాడు. భోజనం పళ్ళెం అంత గురి మీద ఆరుకు ఆరు గుళ్ళూ ఎంత దూరం నుంచి పడతాయో, అంతే తన వేట దూరం. చాలామందికి అది యాభై గజాలు దాటదు. ఆ యాభై గజాల కోసం వందల తూటాలు సాధనలో కాలుస్తారు. వీడియోలో మనకు కనిపించేది చివరి అర నిమిషం మాత్రమే.

మన దగ్గర దొరికే రివాల్వరు సంగతి

మన దేశంలో మామూలు పౌరునికి లైసెన్సు మీద దొరికే రివాల్వరు ప్రధానంగా పాయింట్ 32 బోరు. కాన్పూరు ఆయుధ కర్మాగారాల్లో తయారైనవి ఎక్కువగా కనిపిస్తాయి. పాయింట్ 38, 9 మిల్లీమీటర్లు వంటివి నిషిద్ధ బోర్ల కిందకు వస్తాయి. అవి జిల్లా అధికారి చేతిలో లేవు.

ఈ పాయింట్ 32 గుండు బరువు ఆరు గ్రాముల పైచిలుకు. వేగం ఆ అమెరికా గుండు వేగంలో సగం కాస్త అటూ ఇటూ. రెండూ కలిపి లెక్క వేస్తే దెబ్బ బలం దానిలో ఎనిమిదో వంతు మాత్రమే. ఇక అడవి పంది ఒళ్ళు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. బాగా ఎదిగిన మగపంది క్వింటాలు బరువు దాటుతుంది. దాని భుజాల మీద చర్మం కింద గట్టి పట్టీ ఉంటుంది. మగపందులు కొట్లాడుకున్నప్పుడు కోరల దెబ్బ కాచుకోవడానికి ప్రకృతి ఇచ్చిన డాలు అది. దాని మీద పాయింట్ 32 గుండు కొడితే పంది చావదు. రెచ్చిపోతుంది. చీకట్లో, ఏపుగా ఎదిగిన చేలో, గాయపడ్డ పంది ఎదురు తిరిగితే ఆ మనిషి గతి ఏమిటి? అది తప్పించుకుపోయినా తెల్లారి కట్టెలకో గొర్రెలకో పోయినవాళ్ళ మీద పడుతుంది.

ఖర్చు మాట కూడా అనుకోవాలి. రివాల్వరు ధర మామూలు జంట గొట్టాల తుపాకీ ధర కంటే ఎంతో ఎక్కువ. అప్పు చేసి ఆ డబ్బు పెడితే పంట దక్కదు, అప్పు మిగులుతుంది. రివాల్వరును పంది కోసం కొనవద్దని సంఘం తరఫున గట్టిగా చెబుతున్నాం.

చట్టం రైతుకు ఇచ్చిన తుపాకీ వేరే ఉంది

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. 1959 ఆయుధ చట్టంలో రైతు కోసం ప్రత్యేకంగా ఒక మాట రాసి ఉంది. 13వ సెక్షన్, 3వ ఉప సెక్షన్ తీసి చూడండి. నిజమైన పంట రక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీకి, అంటే మన ఊళ్ళలో బర్మార్ అనేదానికి, లైసెన్సు ఇవ్వాలి అని అక్కడ ఉంది. ఆ తుపాకీ చాలదని అధికారి భావిస్తే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నని గొట్టపు తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు అని కూడా ఉంది. నున్నని గొట్టం అంటే లోపల మర గీతలు లేనిది. మనం పన్నెండు బోర్ తుపాకీ అనేది అదే.

ఇక్కడ తేడా గమనించండి. పంట తుపాకీ దగ్గర చట్టం "ఇవ్వాలి" అంటుంది. రివాల్వరు వంటి మిగతా ఆయుధాల దగ్గర "తగిన కారణం ఉందని అధికారి తృప్తి చెందితే" అంటుంది. అంటే రివాల్వరు అడిగిన రైతు అధికారి దయ మీద నిలబడతాడు. పంట తుపాకీ అడిగిన రైతు చట్టం మీద నిలబడతాడు. శాంతిభద్రతల కారణంతోనో, దరఖాస్తుదారు అర్హుడు కాడనే కారణంతోనో తిరస్కరించే అధికారం 14వ సెక్షన్ కింద ఎలాగూ ఉంది. కానీ ఊరికే కాగితం తొక్కిపెట్టే అధికారం ఎవరికీ లేదు. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

దరఖాస్తు ఎలా పెట్టాలి? 2016 ఆయుధ నియమాల ప్రకారం వ్యక్తిగత లైసెన్సుకు ఏ-1 ఫారం. పట్టాదారు పాసు పుస్తకం నకలు, గుర్తింపు పత్రాలు, ఆరోగ్య ధృవపత్రం, ఆయుధాన్ని భద్రంగా దాచే చోటు గురించి హామీ, ఆయుధ భద్రతా శిక్షణ పొందిన ధృవపత్రం జత చేయాలి. ఆ పైన పోలీసు విచారణ జరుగుతుంది. వీటితోపాటు పంట నష్టం జరిగిన రోజున వ్యవసాయ విస్తరణాధికారికీ, అటవీ బీటు అధికారికీ ఇచ్చిన ఫిర్యాదుల నకళ్ళు, ఫొటోలు పెట్టండి. "నిజమైన పంట రక్షణ" అన్న చట్టపు మాటకు అవే సాక్ష్యం. కౌలు రైతులకు ఇక్కడ ఇబ్బంది వస్తుంది. పాసు పుస్తకం భూయజమాని పేర ఉంటుంది, రాత్రి కావలి కౌలు రైతుది. కాబట్టి కౌలు పత్రం, గ్రామ కమిటీ తీర్మానం జత చేసి పెట్టమని సలహా ఇస్తున్నాం.

2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే కనీసం రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా జైలు. నాటు తుపాకీ "తాత కాలం నుంచి ఇంట్లో ఉంది" అంటే ఏ కోర్టూ వినదు. పెళ్ళిలో, జాతరలో సంబరానికి గాలిలో కాల్చినా రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

పంట తుపాకీని ఎంచుకోవడం, సిద్ధం చేసుకోవడం

లైసెన్సు వచ్చిందనుకుందాం. ఏం చూడాలి?

మొదటిది, గది పొడవు. పాత పన్నెండు బోర్ తుపాకులు కొన్నింటిలో తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్లది. ఇప్పుడు ఎక్కువగా దొరికే తూటాలు 70 మిల్లీమీటర్లవి. పొడవు తూటా పొట్టి గదిలో పట్టినట్టే ఉంటుంది. కానీ పేలినప్పుడు మూత విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీద ముద్ర చదవండి. అర్థం కాకపోతే లైసెన్సు ఉన్న తుపాకీ మరమ్మతుదారుకు చూపించండి.

రెండోది, పాత తుపాకీ కొంటే గొట్టం. గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి లోపల చూడండి. సొట్టలు, తుప్పు గుంటలు ఉంటే వద్దు. రెండు గొట్టాల మధ్య అతుకు కదలకూడదు. మూసినప్పుడు కీలు దగ్గర లూజు ఉండకూడదు. భద్రపు మీట పని చేయాలి. ఖాళీ తుపాకీ అని రెండుసార్లు చూసుకున్నాకే ఇవన్నీ పరీక్షించాలి.

మూడోది, కట్టె. తుపాకీ భుజానికి ఆనించినప్పుడు చెంప సహజంగా కట్టె మీద ఆనాలి, కన్ను నేరుగా గొట్టం మీదుగా పోవాలి. కట్టె పొడవైతే చంకలో చిక్కుతుంది. పొట్టిదైతే బొటనవేలు ముక్కుకు తగులుతుంది. బజారులో ధర కంటే ముందు ఇది చూడండి. రివాల్వరుకు లేనిదీ పొడవు తుపాకీకి ఉన్నదీ ఇదే. భుజం, చెంప, రెండు చేతులు కలిసి గురిని నిలబెడతాయి. చలికి వణికే చేతితో రివాల్వరు మూతి అంగుళం కదిలినా గుండు ఎక్కడికి పోతుందో చెప్పలేం.

నాలుగోది, తూటా. మన దగ్గర దొరికే పన్నెండు బోర్ తూటాల్లో ఎల్.జి., ఎస్.జి. అనేవి పెద్ద గుళ్ళవి. ఎల్.జి. గుండు 9 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, ఎస్.జి. గుండు 8 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటాయి. బి.బి., 4వ నంబరు, 6వ నంబరు పిట్టల కోసం చేసినవి. వాటితో పందిని కొట్టడం అంటే దాన్ని పుండ్లపాలు చేసి వదలడమే. అది పాపం, ప్రమాదం, దండగ కూడా. పెద్ద గుళ్ళ తూటా అయినా పాతిక ముప్పై మీటర్లు దాటితే గుళ్ళు చెదిరిపోతాయి. కాబట్టి దూరం అంతే. ఒకే గుండు ఉండే తూటా వాడాలనుకుంటే ముందు మీ గొట్టం మూతి ఇరుకు, అంటే చోక్, దానికి సరిపడుతుందో లేదో అడిగి తెలుసుకోవాలి. ఇరుకు మూతిలో సరిపడని గుండు పోతే గొట్టం దెబ్బ తింటుంది.

ఐదోది, మీ తుపాకీ మీకు తెలియాలి. అనుమతి ఉన్న శిక్షణ చోట, పాతిక మీటర్ల దూరంలో పెద్ద అట్ట పెట్టి ఒక్కో గొట్టంతో ఒక్కో రకం తూటా కాల్చి చూడండి. గుళ్ళు ఎంత మేర పరుచుకున్నాయో, ఏ పక్కకు పోతున్నాయో అప్పుడు తెలుస్తుంది. ఒకే తుపాకీలోని రెండు గొట్టాలూ ఒకేలా కొట్టవు.

ఇక దాపు. తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో. తాళం చెవి పిల్లలకే కాదు, ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదు. ఈ మాట మరో కారణంతో కూడా చెబుతున్నాం. అప్పుల బాధ ముదిరిన ఇంట్లో పురుగుమందు డబ్బా ఎంత ప్రమాదమో తుపాకీ అంతకు తక్కువ ప్రమాదం కాదు. కుటుంబంలో ఎవరైనా మనసు చెడి ఉన్నారని తెలిస్తే తుపాకీని లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరో పోలీసు స్టేషనులోనో జమ చేయించండి. గ్రామ కమిటీ ఆ కుటుంబం దగ్గరికి వెళ్ళాలి, వాళ్ళను పలకరించాలి.

లైసెన్సు వేరు, కాల్చే అనుమతి వేరు

ఇక్కడ మన రైతులు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. తుపాకీకి లైసెన్సు ఉంది కదా, నా చేలోకి వచ్చిన పందిని కాలిస్తే తప్పేమిటి అనుకుంటున్నారు. ఆయుధ చట్టం ఒకటి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మరొకటి. మొదటిది తుపాకీ పెట్టుకోనిస్తుంది. జంతువును కాల్చడానికి రెండోదాని కింద అనుమతి కావాలి.

2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షన్ ఏమంటుందంటే, రెండో షెడ్యూలు జంతువు మనుషుల ప్రాణానికో ఆస్తికో ప్రమాదంగా మారినప్పుడు ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని, కారణాలు రాసి, రాతపూర్వకంగా, దాన్ని వేటాడడానికి అనుమతి ఇవ్వవచ్చు. ఆస్తి అంటే నిలిచి ఉన్న పంట కూడా అని చట్టమే చెబుతోంది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పంట నష్టం మీద అటవీ శాఖకు ఇచ్చే ప్రతి అర్జీలోనూ రాయండి.

తెలంగాణలో సర్పంచులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదా ఇచ్చి, గుర్తించిన షూటర్ల చేత పందుల్ని కాల్పించే ఏర్పాటు చేశారు. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. ఇలాంటి ఉత్తర్వులకు గడువు ఉంటుంది, షరతులు ఉంటాయి. కాబట్టి మీ రేంజి కార్యాలయంలో ప్రస్తుతం ఏ ఉత్తర్వు అమలులో ఉందో నకలు తీసుకుని పంచాయతీ బోర్డు మీద అంటించండి. నోటి మాట మీద ఎవరూ తుపాకీ ఎత్తవద్దు.

మనిషి ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో జంతువును చంపితే అది నేరం కాదని అదే 11వ సెక్షన్ చెబుతోంది. కానీ పంటను కాపాడుకోవడానికి ఆ మినహాయింపు వర్తించదు. ఏ కారణంతో చంపినా ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకుంటే రైతు కాస్తా వేటగాడవుతాడు. అనుమతి లేకుండా పందిని చంపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చీకట్లో పంది అనుకుని కాల్చింది ఎలుగుబంటో కృష్ణజింకో అయితే అవి మొదటి షెడ్యూలు జంతువులు. శిక్ష మూడేళ్ళ దగ్గరే మొదలవుతుంది.

అనుమతి ఉన్నా పాటించాల్సినవి

ఏది కాలుస్తున్నామో స్పష్టంగా కనిపించాలి. ఆకుల కదలిక మీద, చప్పుడు మీద, రెండు మెరిసే కళ్ళ మీద కాల్చకూడదు. చేలో పడుకున్న మనిషి, తప్పిపోయిన గేదె, పక్క ఊరి కావలివాడు, అందరూ చీకట్లో చప్పుడే.

జంతువు వెనక ఏముందో చూడాలి. ఎల్.జి. గుండు గురి తప్పితే ఆరేడు వందల మీటర్లు పోగలదు. మంచె మీద నుంచి కిందికి కాలిస్తే గుండు భూమిలో దిగుతుంది. నేల మీద నుంచి అడ్డంగా కాలిస్తే ఊళ్ళోకి పోతుంది. మనకు మంచె ఉండడం ఈ రకంగా కూడా మేలే.

చుట్టుపక్కల చేల వాళ్ళకు ముందే చెప్పాలి. మందు తాగినవాడు తుపాకీ ముట్టకూడదు. గాయపడ్డ పంది వెంట చీకట్లో పోకూడదు. తెల్లవారాక, అటవీ సిబ్బందితో కలిసి పోవాలి.

తుపాకీతో సమస్య తీరుతుందా?

ఇంత చెప్పాక అసలు మాట చెప్పాలి. తుపాకీ ఒక్కటే పందుల సమస్యను తీర్చదు. మళ్ళీ ఆ వీడియోల దేశానికే పోదాం. టెక్సాస్ రాష్ట్రంలో ఇరవై లక్షలకు పైగా అడవి పందులున్నాయని అంచనా. అక్కడ వాటి వేటకు కాలం లేదు, లెక్క లేదు. రివాల్వరు, రైఫిలు, ఏదైనా సరే. 2011లో హెలికాప్టరు నుంచి కాల్చడానికి కూడా చట్టం చేశారు. 2019 నుంచి సొంత భూమిలోనో, యజమాని ఒప్పుకున్న భూమిలోనో పందిని వేటాడడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. అయినా పందులు తగ్గలేదు. ఏటా మూడింట రెండు వంతుల పందుల్ని తొలగిస్తే తప్ప సంఖ్య నిలకడగా ఉండదని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం నిపుణులు లెక్క వేశారు. తుపాకీతో ఒకటి పడితే మంద చెదిరి ఇంకో చేలోకి పోతుంది. అందుకే వాళ్ళు ఇప్పుడు మంద మొత్తాన్ని ఒకేసారి పట్టే పెద్ద బోనుల వైపు మళ్ళారు.

ఆ దేశంలో ఉన్న మన ఊరి పిల్లలకు కూడా ఒక హెచ్చరిక. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం కింద నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్నేహితుడు చేతికిచ్చాడని సరదాకు కాల్చి వీడియో పెట్టకండి. తల్లిదండ్రులు ఈ మాట వాళ్ళకు చేరవేయాలి.

మన దగ్గర పని చేసే ఉపాయాలు లేకపోలేదు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో సకశేరుక చీడల మీద పరిశోధన చేసినవాళ్ళు గట్టు చుట్టూ ఆముదం, కుసుమ వంటి పంటలు రక్షణ వరుసలుగా వేయమని చెప్పారు. ఆముదం వాసన చేను వాసనను కప్పేస్తుంది, కుసుమ ముళ్ళు అడ్డుకుంటాయి. సోలారు కంచె కరెంటు తీగ లాంటిది కాదు. అందులో బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు సెకనుకు ఒక్కసారి క్షణకాలం పాటు కొట్టి ఆగిపోతుంది. జంతువు అదిరి వెనక్కి పోతుంది, చావదు. కరెంటు స్తంభం నుంచి తీగ లాగినదాన్ని సోలారు కంచె అని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక్క రైతు కంచె వేస్తే పందులు పక్క చేలో పడతాయి. ఊరంతా కలిసి అడవి వైపు అంచు మొత్తం వేస్తేనే ఫలితం. సంఘం అవసరం సరిగ్గా అక్కడే ఉంది.

నష్టం జరిగాక పరిహారం మాట. అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అనేది రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేయాలి. నష్టం జరిగిన 72 గంటల్లో ఫొటోలతో ఫిర్యాదు చేయాలనేది షరతు. ఫొటో తీయడం, ఎక్కించడం ప్రతి గ్రామ కమిటీలో కనీసం ఇద్దరికి రావాలి.

మన డిమాండ్లు

ఒకటి. పంట తుపాకీ దరఖాస్తుల్ని 13వ సెక్షన్ మాట ప్రకారం పరిష్కరించాలి. కౌలు రైతుకు కూడా అవకాశం ఇవ్వాలి.

రెండు. ప్రతి అడవి అంచు మండలానికి ప్రభుత్వమే శిక్షణ పొందిన షూటర్ల బృందాన్ని, తూటాల ఖర్చుతో సహా, ఏర్పాటు చేయాలి. చీకట్లో పంది ఎదుట నిలబడే ప్రమాదాన్ని రైతు నెత్తిన వేయడం ప్రభుత్వ విధానం కాకూడదు.

మూడు. ఎన్నికల వేళ తుపాకులు జమ చేయమంటున్నారు. ఆ అవసరం మనకు అర్థమవుతుంది. కానీ అది పంట కోతకొచ్చే కాలమైతే ఆ రోజులకు ప్రభుత్వ షూటర్లను పంపాలి, జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వాలి.

నాలుగు. ఊరి అంచు సామూహిక సోలారు కంచెకు పూర్తి సబ్సిడీ ఇవ్వాలి.

ఐదు. అడవి పంది నష్టాన్ని రెండు రాష్ట్రాల్లోనూ బీమా కింద వెంటనే నోటిఫై చేయాలి.

మిత్రులారా! వచ్చే నెల లోపు ప్రతి గ్రామ కమిటీ మూడు పనులు చేయాలి. పందుల దెబ్బ తిన్న చేల జాబితా సర్వే నంబర్లతో రాయాలి. అటవీ రేంజి కార్యాలయం నుంచి అమలులో ఉన్న ఉత్తర్వు నకలు తేవాలి. ఊళ్ళో కరెంటు తీగలు పెట్టిన చేలకు కమిటీ సభ్యులే స్వయంగా వెళ్ళి, ఆ రైతులతో మాట్లాడి, తీగలు తీయించాలి. మూడో పని మొదట చేయండి. తక్కిన రెండూ వారం ఆలస్యమైనా ఫరవాలేదు, ఇది ఈ రాత్రికే కావాలి. పంట పోతే మళ్ళీ వేసుకుంటాం. నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి ఇంటికి తిరిగి రావాలి.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!